పక్కింటి బిర్యానీ: ఒక తొమ్మిదో తరగతి వ్యాసం మూడుసార్లు మారిన వైనం

2022 ఆగస్టులో మా బడి తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక వ్యాసం రాయమని ఇచ్చాను. అంశం ఎవరికి వాళ్లే ఎంచుకోవచ్చు. ఒకటే షరతు: ఆ విషయంలో వాళ్లకంటూ ఒక పక్షం ఉండాలి, దాన్ని కాదనేవాళ్లు క్లాసులో కనీసం ఒక్కరైనా ఉండాలి. సగం మందికి పైగా సెల్‌ఫోన్ వల్ల లాభనష్టాలు రాసుకొచ్చారు. కొందరు ప్లాస్టిక్, ఒకరిద్దరు వరకట్నం. వరకట్నం మంచిదనేవాడు క్లాసులో ఎవడున్నాడో నాకైతే తెలీదు. ఒక అమ్మాయి మాత్రం మధ్యాహ్న భోజనంలో గుడ్డు గురించి రాసింది. ఈ కేసు ఆ అమ్మాయిది.

నేను తెలుగు పండితుణ్ణి. పదిహేడేళ్లుగా ఇదే పని. మా బడి ఖమ్మం జిల్లాలో, ఆంధ్రా సరిహద్దుకు దగ్గర్లో ఉంది. పొద్దున పని మీద సరిహద్దు అవతలి తిరువూరు వెళ్లినవాళ్లు భోజనాల వేళకు ఇల్లు చేరతారు. ఈ దూరం సంగతి గుర్తుంచుకోండి, వ్యాసం దీనిచుట్టూనే తిరిగింది. పిల్లల పేర్లు రాయడం లేదు.

మొదటి ప్రతి

అమ్మాయి మొదటిసారి రాసి తెచ్చింది ఇలా మొదలైంది:

"పోషకాహారం మానవ జీవితానికి మూలాధారం. నేటి బాలలే రేపటి పౌరులు. విద్యార్థినీ విద్యార్థుల సర్వతోముఖాభివృద్ధికి గుడ్డు ఎంతగానో దోహదపడుతుంది. గుడ్డులో అన్ని పోషకాలూ ఉంటాయి. గుడ్డు వల్ల లాభాలు అనేకం. అయితే కొన్ని నష్టాలు కూడా లేకపోలేదు."

తర్వాత నాలుగు లాభాలు, రెండు నష్టాలు. చివర "కావున మనమందరం పోషకాహారం తీసుకొని ఆరోగ్యవంతమైన సమాజాన్ని నిర్మించుకుందాం."

అక్షరదోషాలు రెండే. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఐదేళ్ల కిందటైతే నేను కళ్లు మూసుకుని పదికి ఎనిమిది వేసేవాణ్ణి. ఈసారి పిలిచి అడిగాను: "నీకు ఏం కావాలమ్మా? ఈ వ్యాసం చదివినవాళ్లు ఏం చెయ్యాలి?"

"వారానికి ఐదు గుడ్లు పెట్టాలి సార్. ఇప్పుడు మూడే పెడతన్నారు."

"ఆ మాట ఎక్కడ రాశావు?"

కాగితం అటూ ఇటూ తిప్పింది. ఎక్కడా లేదు.

తప్పు ఆ అమ్మాయి ఒక్కదానిదే కాదు. వ్యాసం అనగానే మనం పిల్లలకు నేర్పే అచ్చు ఒకటుంది: ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, లాభాలు, నష్టాలు, ముగింపు. గైడ్లన్నీ అదే ఇస్తాయి. సమాచారం చెప్పడానికి ఆ అచ్చు బాగానే సరిపోతుంది. వాదించడానికి కాదు, ఎందుకంటే అది గోడ మీద పిల్లిలా కూర్చుంటుంది. లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి, అందరం మంచిగా ఉందాం అంటుంది. ఎవరూ కాదనరు, ఎవరూ ఔననరు. నేటి బాలలు రేపటి పౌరులు కాదని ఎవడంటాడు?

నేను చేసిన పొరపాటు

ఇక్కడ నేనొక తెలివి చూపించబోయాను. బోర్డు మీద ఐదు డబ్బాలు గీశాను. మొదటి డబ్బాలో నీ అభిప్రాయం, తర్వాత మూడు డబ్బాల్లో మూడు కారణాలు, ఐదో డబ్బాలో ముగింపు. నింపుకొని రమ్మన్నాను. ఇంగ్లీషు మాస్టారు ఇదే పద్ధతిలో చెబుతుంటారు, ఆయన పిల్లలు బాగానే రాస్తారు కూడా.

మర్నాడు తెచ్చింది. డబ్బాలన్నీ నిండాయి. ఒకటో కారణం: గుడ్డు బలం. రెండో కారణం: గుడ్డు అంటే పిల్లలకు ఇష్టం. మూడో కారణం: పక్క రాష్ట్రంలో ఇస్తున్నారు. రేషన్ కార్డు దరఖాస్తు నింపినట్టుంది. ఏ డబ్బాకూ పక్క డబ్బాతో సంబంధం లేదు. "బలం అయితే ఐదే ఎందుకు, ఏడెందుకు కాదు?" అని అడిగితే బిక్కమొహం వేసింది. మూడు కారణాలు ఉండాలన్నాను కాబట్టి మూడు వెతికింది, అంతే. ఎవరికి జవాబుగా ఆ కారణాలు చెబుతోందో డబ్బాలు అడగలేదు, నేనూ అడగలేదు.

ఆ డబ్బాల పని నేను ఇప్పటికీ పూర్తిగా మానలేదు. కాకపోతే చిట్టచివర, అంతా రాశాక, ఏదైనా తప్పిపోయిందా అని సరిచూసుకోవడానికి వాడుతున్నాను.

ఇంటర్వెల్‌లో దొరికిన వాదన

ఆ రోజే ఇంటర్వెల్‌లో వరండాలో గొడవ వినపడింది. మన అమ్మాయే, ఇంకో అబ్బాయితో. గుడ్ల గురించే. అబ్బాయి మాటకారి, ఎవరేమన్నా అడ్డం పడే రకం. ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బల్ల మీద పెట్టి, కానివ్వండి అన్నాను. మొదట సిగ్గుపడ్డారు, తర్వాత నన్ను మర్చిపోయారు.

"తిరువూర్లో మా పిన్నోళ్ల పిల్లకి ఐదు గుడ్లు పెడతన్నారు. మాకేమో మూడు. ఆళ్లకేమన్నా ఆకలి ఎక్కువైద్దా?"

అబ్బాయి తడుముకోకుండా అన్నాడు: "పక్కింట్లో బిర్యానీ వండారని మనింట్లో కూడా వండాలా ఏంది?"

అమ్మాయి నోట మాట లేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. బెల్లు కొట్టారు.

నా లెక్కలో ఈ కేసు మొత్తానికి కీలకం ఆ నిశ్శబ్దమే. వ్యాసంలో ఎంత వెతికినా దొరకని వాదన ఆ అమ్మాయి నోట్లో నిక్షేపంలా ఉంది. "ఆళ్లకి ఆకలి ఎక్కువైద్దా" అన్న ఒక్క ప్రశ్న ముందు మొదటి ప్రతి అంతా దిగదుడుపే. మరి అంత మంచి మాట ఒక్క ఎదురు మాటకే ఎందుకు కూలిందో కూడా చూడాలి.

మర్నాడు క్లాసులో పాతకాలపు లెక్క ఒకటి చెప్పాను. మన తర్కశాస్త్రంలో వాదనకు ఐదు అంగాలు: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది. ఎందుకంటే పొగ ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటిల్లు చూడండి. ఈ కొండ మీదా అలాంటి పొగే ఉంది. కాబట్టి నిప్పుంది. పిల్లలకు ఈ పేర్లు బట్టీ పట్టించలేదు, అది ఇంకో రకం డబ్బాలు అవుతుంది. ఒక్క విషయమే చూపించాను: "పొగ ఉన్నచోటల్లా నిప్పు" అన్న ముడి. శాస్త్రంలో దాన్ని వ్యాప్తి అంటారు. ఆ ముడి నిలిస్తేనే పొగ చూపించి నిప్పుందని అనగలం.

ఇప్పుడు గుడ్డు మాట. "తిరువూర్లో ఐదు పెడుతున్నారు, కాబట్టి మాకూ ఐదు పెట్టాలి." ఇందులో ముడి ఏమిటి? పక్కవాళ్లకు ఉన్నదల్లా మనకూ ఉండాలి అన్నది. అబ్బాయి సరిగ్గా ఆ ముడినే తెంపాడు. వాడికి శాస్త్రం తెలీదు, బిర్యానీ తెలుసు.

"అయితే తిరువూరు మాట తీసెయ్యాలా సార్?" అని అడిగింది దిగులుగా. అక్కర్లేదన్నాను. అది కారణంగా పనికిరాదు, ఉదాహరణగా పనికొస్తుంది. "ఐదు పెట్టడం కుదరదు" అనేవాడికి అది జవాబు. "ఐదు ఎందుకు" అనేవాడికి కాదు. ఈ తేడా ఆ అమ్మాయికి అర్థమవడానికి రెండు రోజులు పట్టింది. నాకు ఉద్యోగంలో చేరిన పదేళ్లకు అర్థమైంది.

పాత క్యాలెండర్ వెనక

ఈసారి ప్లాన్ అబ్బాయి వైపు నుంచి మొదలుపెట్టించాను. మన శాస్త్ర గ్రంథాల్లో ముందు పూర్వపక్షం, ఆ తర్వాతే సిద్ధాంతం. అవతలివాడి మాటను వాడే మెచ్చుకునేలా చెప్పాక గానీ మన మాట ఎత్తకూడదు. పాత క్యాలెండర్ షీటు వెనక నిలువుగా ఒక గీత గీసింది. ఎడమ పక్క "వాడంటాడు", కుడి పక్క "నేనంటాను". ముందు ఎడమ పక్క మొత్తం నిండాలి, కుడి పక్క పెన్ను పెట్టడానికి వీల్లేదు. ఆ గడులు నింపడానికి క్లాసులో, స్టాఫ్‌రూమ్‌లో, వంటషెడ్డులో తిరిగింది. ఎడమ పక్క నాలుగు మాటలు పోగయ్యాయి: ఐదెందుకు, మూడు చాలు. డబ్బెవరిస్తారు. తినని పిల్లల సంగతేంటి. వండేవాళ్ల కష్టం ఎవరు చూస్తారు.

నాలుగో మాట వంట చేసే అక్క అన్నది. అది ఏ గైడులోనూ దొరకదు. "గుడ్డు రేటు పెరిగిన రోజు ఆ తేడా మా చేతి నుంచి పడిద్దమ్మా. బిల్లు వచ్చేసరికి నెలలు గడుస్తయ్యి. ఐదు పెట్టమని రాయి, కానీ రేటు కూడా రాయి" అందట. అమ్మాయి ఆ మాట రాసుకొచ్చి, "సార్, ఈమె మన పక్షమా, ఆ పక్షమా?" అని అడిగింది. రెండూ కాదు. ఆ మాటతో అమ్మాయి కోరికే మారింది. "ఐదు గుడ్లు పెట్టాలి" అన్నది "ఐదు గుడ్లు పెట్టాలి, గుడ్డు డబ్బు మార్కెట్ రేటును బట్టి ఇవ్వాలి" అయింది. ఎదుటి పక్షం మాట విన్నాక మన ప్రతిపాదన కొంచెం మారకపోతే విన్నట్టు కాదని నా నమ్మకం.

మొదటి మాటకు జవాబే కష్టమైంది. మూడు చాలవని ఎలా చెప్పాలి? సైన్సు టీచర్ దగ్గరికి పంపాను. ఆమె ముందుగా "గుడ్డులో అన్ని పోషకాలూ ఉంటాయి" అన్న వాక్యాన్నే కొట్టేశారు. గుడ్డులో విటమిన్ సి లేదు, పీచు లేదు. "అన్ని" అన్నచోటల్లా ఎర్ర సిరాతో సున్నా చుట్టి పంపారు. అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చింది. నిజానికి అది ఆ వ్యాసానికి జరిగిన మంచి పనుల్లో ఒకటి. "అన్ని", "అందరూ", "ఎప్పుడూ" అన్న మాటలు ఒక్క ఉదాహరణ చూపిస్తే పడిపోతాయి. అబ్బాయి లాంటివాడు క్లాసులో ఉంటే ఆ ఉదాహరణ వెతకడం వాడికి ఆట.

తర్వాత లెక్కలు. ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు మధ్యాహ్న భోజనంలో 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు అందాలన్నది జాతీయ ప్రమాణం. అందుకు మనిషికి 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు. బియ్యం నుంచి ఓ 10 గ్రాములు, పప్పు నుంచి ఓ 7 గ్రాములు మాంసకృత్తులు వస్తాయని సైన్సు టీచర్ వేసిచ్చారు. ఒక గుడ్డుతో సుమారు 6 గ్రాములు. అమ్మాయి సంబరంగా "17కి 6 కలిపితే 23, గుడ్డు ఉంటేనే 20 దాటుద్ది" అని రాసుకుంది.

అబ్బాయికి చూపించింది. (ఈపాటికి వాడు ఈ పనిలో నాకు అసిస్టెంటు అయిపోయాడు.) వాడు కూరగాయలు లెక్కలో కలపలేదేమన్నాడు. ఇంకో గరిటె పప్పు వేస్తే ఆ మిగతా మూడు గ్రాములూ వస్తాయి కదా, గుడ్డే ఎందుకన్నాడు. మళ్లీ నిశ్శబ్దం. ఈసారి మాత్రం ఒక పూట మాత్రమే. సాయంత్రం బడి వదిలాక వచ్చి, తలుపు దగ్గర నిలబడి అంది: "సార్, పప్పు గరిటెకి కొలత లేదు. పిల్లలెక్కువొచ్చిన రోజు పప్పు పలచనైద్ది, వంటక్కే చెప్పింది. గుడ్డులో నీళ్లు కలవవు సార్. గుడ్డంటే గుడ్డే."

ఇరవై గ్రాముల లెక్క కాగితం మీద అందరికీ సమానమే. కంచంలోకి వచ్చేసరికి వరసలో ముందున్నవాడికి ఒకలా, చివరున్నవాడికి ఒకలా. గుడ్డు మాత్రం ఎవరికైనా ఒకటే. ఇక్కడ హేతువు ఉంది, ముడి ఉంది. కొలత తప్పని ఆహారం పెట్టినచోటల్లా చివరి పిల్లాడికి కూడా పూర్తి వాటా అందుతుంది. దీన్ని అబ్బాయి తెంపలేకపోయాడు. చాలాసేపు ప్రయత్నించాడు.

డబ్బు లెక్క వేగంగానే తేలింది. అప్పట్లో మా ఊరి కొట్టులో గుడ్డు ఆరు రూపాయలు. వారానికి అదనంగా రెండు, ఏడాదికి 52 వారాలు, 104 గుడ్లు, 624 రూపాయలని రాసింది. లెక్కల మాస్టారు నవ్వి, బడి 52 వారాలు నడుస్తుందా అని అడిగారు. విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు కనీసం 220 పనిదినాలు ఉండాలంటుంది. వారానికి ఆరు రోజుల చొప్పున అది సుమారు 37 వారాలు. 74 గుడ్లు, 444 రూపాయలు. తన లెక్క తగ్గితే వాదన బలపడడం ఆ అమ్మాయికి వింతగా అనిపించింది.

"డబ్బెవరిస్తారు" అన్నదానికి ఇంకో జవాబు తన కంచంలోనే ఉందని నేను గుర్తు చేశాను. మధ్యాహ్న భోజనానికి కేంద్రం ఇచ్చేది ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పది పిల్లలకు పెట్టేది రాష్ట్రం సొంత ఖర్చుతో. అంటే ప్రమాణంలో లేనిది రాష్ట్రం ఒకసారి తన ఇష్టంతో పెట్టింది, ఆ భోజనమే తను రోజూ తింటోంది. తిరువూరు మాట ఇక్కడికొచ్చి కూర్చుంది: ఐదు పెట్టడం కుదిరే పనే, ఇరవై కిలోమీటర్ల అవతల కుదురుతోంది కాబట్టి.

మూడో మాట దగ్గర కొంచెం గట్టిగా చెప్పాల్సి వచ్చింది. తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులేనని 2014 నాటి సర్వే లెక్క ఎక్కడో పట్టుకొచ్చి, "కాబట్టి సమస్యే లేదు" అని రాసింది. మిగిలిన ఇద్దరిలో ఒకరు నీ బెంచీలోనే కూర్చుంటారు కదమ్మా అన్నాను. నిజంగానే ఉంది, తనకు మంచి స్నేహితురాలు. ఎక్కువమంది తింటారన్నది గుడ్డు పెట్టడానికి కారణం కావచ్చు గానీ, తినని పిల్ల ఖాళీ కంచంతో కూర్చోవడానికి కారణం కాదు. కర్ణాటకలో 2021 డిసెంబరులో ఏడు జిల్లాల్లో గుడ్లు మొదలుపెట్టినప్పుడు తినని పిల్లలకు అరటిపండ్లు ఇచ్చారు. ఆ వాక్యం రాసి, కింద తన మాటగా "పల్లీపట్టీ అయినా సరే" అని చేర్చింది. స్నేహితురాలిని అడిగే రాసిందట.

భాష గురించి చిన్న తగువు

రెండో ప్రతిలో వాదన నిలబడింది, భాష మాత్రం మళ్లీ "దోహదపడుతుంది" దగ్గరికే పోయింది. రికార్డింగ్ పెట్టి వినిపించాను. "నువ్వు ఇలా మాట్లాడావు. ఇలా ఎందుకు రాయలేదు?" "వ్యాసం కదా సార్" అంది.

ఈ జవాబు వయసు నూరేళ్లు దాటింది. బడి పిల్లలు వ్యాసాలు గ్రాంథికంలో రాయాలా, వ్యావహారికంలో రాయాలా అని గిడుగు రామమూర్తి కాలంలో జరిగిన రగడ ఇదే. 1914లో గురజాడ మద్రాసు విశ్వవిద్యాలయం కాంపోజిషన్ కమిటీకి తన అసమ్మతి పత్రం ఇచ్చింది ఈ విషయం మీదే. వ్యాసం ఏ భాషలో రాయాలన్నదాని మీద ఆయన వాదించి రాసిన పత్రం అది. మేం ఇంకా "సర్వతోముఖాభివృద్ధి" దగ్గరే ఉన్నాం.

అలాగని "ఎక్కువైద్దా" అని ఉన్నదున్నట్టు రాయమనలేదు. స్టాఫ్‌రూమ్‌లో ఒకరు రాస్తే ఏం అన్నారు, ఇంకొకరు బడి పరువేం కావాలన్నారు. చివరికి అమ్మాయే తేల్చింది. వ్యాసమంతా మామూలు రాత భాషలో రాసి, వంటక్క మాటలు, తన ప్రశ్న మాత్రం కొటేషన్లలో ఉన్నవి ఉన్నట్టు పెట్టింది.

మూడో ప్రతి ఇలా మొదలైంది:

"పక్కింట్లో బిర్యానీ వండారని మనింట్లో వండక్కర్లేదు. మా క్లాసు అబ్బాయి అన్న ఈ మాట నిజమే. తిరువూరు బడిలో ఐదు గుడ్లు పెడుతున్నారు కాబట్టి మాకూ పెట్టమని నేను అడగడం లేదు. మా బడిలో భోజనాల వరసలో చివర నిలబడే పిల్లలు ఒకటో తరగతి వాళ్లు. వాళ్ల కంచంలోకి వచ్చే పప్పు ఏ రోజు ఎంత చిక్కగా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. గుడ్డు అలా కాదు."

నేను ఒక్క అక్షరం ముట్టుకోలేదు. మా ఊళ్లో ప్రాథమిక పాఠశాల, హైస్కూలు ఒకే ప్రాంగణంలో ఉంటాయి, వంటషెడ్డు ఒకటే. ఆ ఒకటో తరగతి పిల్లల సంగతి క్యాలెండర్ షీటు మీద లేదు. రాసేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. తర్వాత ఆ పిల్లల్ని వరసలో ముందు నిలబెట్టడం మొదలుపెట్టాం. గుడ్ల సంఖ్య మూడే ఉంది.

మార్కుల సంగతి

పదిలో పక్షం స్పష్టంగా చెప్పినందుకు రెండు, కారణానికీ రుజువుకీ మధ్య ముడికి నాలుగు, పూర్వపక్షానికి మూడు, భాషకు ఒకటి. భాషకు ఒకటే పెట్టానని తోటి పండితుడు ఒకాయన నాతో వారం రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అమ్మాయికి తొమ్మిది వచ్చాయి. ముగింపు మళ్లీ "కావున మనమందరం" అని మొదలైంది, అక్కడ ఒకటి తీశాను. అదే వ్యాసాన్ని ఒక పోటీకి పంపాం, బహుమతి రాలేదు. సూక్తులు, పద్యాలు ఏమీ లేవని ఒక న్యాయనిర్ణేత నాతో అన్నారు.

ఈ పద్ధతికి పట్టిన సమయం మూడు వారాలు, అదీ ఒక్క వ్యాసానికి. సిలబస్ చూసుకుంటే ముప్పై మందికీ ఇలా చేయించడం అయ్యే పని కాదు. ఇప్పుడు క్లాసును జతలుగా విడదీసి, ఎవరి పూర్వపక్షం వాళ్ల జతగాడి చేత రాయిస్తున్నాను. సగం జతల్లో అది కూడా మొక్కుబడిగానే సాగుతోంది. మంచి ఎదుటి మనిషి దొరకడం అదృష్టం మీదే ఆధారపడుతోంది, దానికి ఇంకా ఉపాయం దొరకలేదు.

ఆ అబ్బాయి మొదట ఇచ్చింది సెల్‌ఫోన్ వ్యాసం. అది వెనక్కి తీసుకుని, దసరా సెలవుల తర్వాత కొత్తది తెచ్చాడు. రెండు పేజీలు. మొదటి పేరాలో అమ్మాయి వాదనంతా ఎక్కడా వెటకారం లేకుండా రాశాడు. రెండో పేరా ఇది:

"గుడ్డు మంచిదే. కానీ ఒక్కొక్కరికి 444 రూపాయలు ఉన్నాయనుకుందాం. ఆ డబ్బు గుడ్లకే పెట్టాలని ఎందుకు? అందరికీ కలిపి ఆ డబ్బుతో ఇంకొక వంటక్కను పెడితే పప్పు ఏ రోజూ పలచన కాదు."

అమ్మాయికి చూపించాను. చదివి, బడిలో భోజనం చేసే పిల్లలు మొత్తం ఎంతమందో కనుక్కోవడానికి హాజరు పట్టీ అడిగి తీసుకెళ్లింది.